చెవులు కోసిన పుస్తకాలు

ఈ అధ్యాయంలో నేను రాయబోయే ప్రతి ముక్కా నిజం. ఇంతకుముందు కొన్ని సంగతులు మా ఆవిడ తల మీద ఒట్టు పెట్టి చెప్పాను. ఆ తర్వాత తన తలను ఇలాంటి పనులకు వాడొద్దని ఆమె గట్టిగా చెప్పింది. అందుకని ఈసారి నొసట బీరప్ప బండారి, అంటే ఆ దేవుడి పసుపు, పెట్టుకొని తూర్పుకు తిరిగి కూర్చొని రాస్తున్నాను. బండారి పెట్టుకొని అబద్ధమాడితే నాలుక మీద పుండు లేస్తుందని గొర్లు కాచే కురుమల ఇళ్లలో నమ్మకం. నా నాలుక ఇప్పటికైతే శుభ్రంగా ఉంది. అనుమానం ఉన్నవాళ్లు ఇంటికి వచ్చి చూసుకోవచ్చు, చాయ్ కూడా పోస్తాను.

మొన్నీమధ్య నేను మొట్టమొదట కొలువులో చేరిన బడివాళ్లు పిలిస్తే పోయి వచ్చాను. కోస్గి దాటి, జొన్నచేల మధ్య నుంచి చాలాసేపు పోతే వచ్చే ఊరు అది. నలభై ఏళ్ల కిందట మోత్కూరు పక్క నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక స్టవ్వు పట్టుకొని తెలుగు పంతులుగా అక్కడ బస్సు దిగినప్పుడు నాకు నెత్తి నిండా జుట్టు, నోటి నిండా కథలు ఉండేవి. జుట్టు పోయింది. ఇప్పుడు ఆ బడిలో కొత్త గ్రంథాలయం గది తెరుస్తున్నారని, పాత పంతుళ్లలో ఇంకా ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కగలిగినవాణ్ణని నన్ను పిలిచారు. గది చూసి నోరు తెరిచాను. గోడల మీద ఏనుగులు, నెమళ్లు. నేల మీద పిల్లలు బోర్లా పడుకొని చదువుకోవడానికి మెత్తటి పరుపులు. గ్రంథాలయం చూసుకునే మేడం చిన్న వయసుది, చురుకైనది. తన ఫోను తీసి చూపించింది. గ్రంథాలయంలోకి ఏ కొత్త పుస్తకాలు వచ్చాయో, ఏ వయసు పిల్లలు ఏది చదివితే బాగుంటుందో ప్రతి వారం పిల్లల ఇళ్లవాళ్ల గ్రూపులో పెడుతుందట. పుస్తకానికి ఇన్ని నక్షత్రాలని కూడా ఇస్తుందట.

"మరి చదువుతున్నారా అమ్మా?" అని అడిగాను.

"అందరు బొటనవేలు పెడ్తున్నరు సార్," అన్నది సంబరంగా.

చదవకుండానే వేలు పెట్టే సౌకర్యం వచ్చిందా అని నేను ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే రెండో దెబ్బ తగిలింది. వరండాలో పాత పుస్తకాలను సుతిలి తాడుతో కట్టలు కట్టి పెట్టారు, పాత సామాన్ల బండివాడి కోసం. ఒక కట్టలో పైనున్న పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. పై మూలన ఒక గాటు ఉంది. అట్ట మొదలు చివరి కాగితం దాకా ఒకే కోత, మూడు కోణాల ముక్క తీసేసినట్టు. దాని కింది పుస్తకానికి రెండు గాట్లు. ఆ కిందిదానికి గాటుతో పాటు వెన్ను మీద ఎర్రటి మరక. కోసిన అంచుల మీద పసుపు రంగు ఇంకా పోలేదు.

"ఎలుకలు సార్," అన్నది మేడం నొచ్చుకుంటూ. "మొత్తం కొరికేసినయ్."

కోసిన చోట పసుపు రాసే ఎలుకలను నేను మా మోత్కూరు వైపు కూడా చూడలేదు. ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకొని అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఎవరో నీళ్లు తెచ్చారు. ముసలాయనకు బీపీ అనుకున్నారు పాపం.

ఆ ఊళ్లో నేను కిరాయికి ఉన్నది కొమురవ్వ ఇంట్లో. గొర్ల కాపరుల ఇల్లు. ఇంటి ముందు దొడ్డి, దొడ్డి పక్కన నా గది. మొదటి పొద్దున ఆ వాసనకు లేచి కూచున్నాను. తడిసిన ఉన్ని, పిడకల పొగ, పులిసిన మజ్జిగ, రాత్రంతా ఒకచోట పడుకున్న జీవాల వేడి, అన్నీ కలిసిన వాసన అది. నెల తిరిగేసరికి ఆ వాసన లేకపోతే నాకు నిద్రపట్టని పరిస్థితి వచ్చింది. కొమురవ్వ తెల్లారకముందే లేచి గోడ అడుగున జాజు, అదే ఎర్రమన్ను, నీళ్లలో కలిపి పూసేది. తర్వాత పొయ్యి ముందు కూచొని జొన్నరొట్టె తట్టేది. ఆ చప్పుడే నాకు అలారం. రొట్టె, వెల్లుల్లి తొక్కు నా ముందు పెట్టి ఆరా తీసేది.

"ఏం సారూ, మీ దిక్కు గొర్లుంటయా, ఉత్త పంతుళ్లేనా?"

"మా దగ్గర గొర్రెలు ఎంత లావంటే అవ్వా, వాటిని తోలరు, ఎక్కిపోతారు."

"నీ నోట్ల మన్నువడ," అనేది నవ్వాపుకోలేక. "రొట్టె తిను."

ఆ ఇంటి పొట్టేలు ఒకటి నా సంచిలోంచి సాంఘికశాస్త్రం పుస్తకం లాగి, పటాలతో సహా నమిలి మింగింది. ఆ ఎండాకాలం మేత కోసం మంద కృష్ణా నది ఒడ్డుకు పోతే దారి చూపించింది అదేనని కొమురవ్వ కొడుకు మల్లయ్య చెప్పాడు. ఇది నేను చెప్పింది కాదు, మల్లయ్య చెప్పింది.

వాళ్లింట్లో నేను విడ్డూరంగా చూసింది పిల్లలకు, అంటే గొర్రెపిల్లలకు, చెవి గాటు పెట్టే పని. మల్లయ్య పిల్లను తొడల మధ్య పట్టుకునేవాడు. కొమురవ్వ కత్తెరతో చెవి అంచున చిన్న ముక్క తీసి, ఆ చోట పసుపు, నూనె అద్దేది. బాగా పాలిచ్చే తల్లి పిల్ల అయితే చెవి పైన ఒక గాటు. ఈతకు రెండేసి పిల్లల్ని ఈనే తల్లి పిల్ల అయితే రెండు. రోగంతోనో, పొడిచే గుణంతోనో మందలో కలపకూడని జీవానికి మాత్రం వీపు మీద ఎర్రటి జాజు పూసేవాళ్లు. వేల గొర్రెల్లో కలిసినా చెవి చూసి, ఇది ఎవరి కడుపున పుట్టిందో, ఎట్లాంటిదో చెప్పేసేవాళ్లు. ఈ పనిలో కత్తెర అందించేది, పసుపు నూరేది మల్లయ్య బిడ్డ బీరమ్మ. తొమ్మిదో తరగతిలో నా దగ్గరే చదివేది. సన్నగా ఉండేది, మాట పొదుపు. ఎవరైనా గొప్పలు చెబుతుంటే కనురెప్ప వేయకుండా చూసేది. నన్ను తరచూ అలాగే చూసేది.

ఇక బడి సంగతి. గ్రంథాలయం అంటే పెద్దసారు గదిలో ఒక ఇనుప బీరువా. పెద్దసారంటే మా ప్రధానోపాధ్యాయుడు. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. పుస్తకం పోయినా, చినిగినా పైవాళ్లు అడిగేది తననే కాబట్టి, తెరవని బీరువాలోంచి ఏదీ పోదని ఆయన లెక్క. నేను వెంటపడి వెంటపడి, రోజూ సాయంత్రం బీరువా తెరిచే అనుమతి తెచ్చుకున్నాను. "ఒక్క పుస్తకం పాడైనా సరే, తాళం ఏస్త. మళ్ల నన్ను అడుగొద్దు," అన్నాడు. తీరా తెరిచి చూస్తే నాకే గుండె జారింది. అందులో సగం, ఏ ఆఫీసులోనో మిగిలిపోయి బడికి తోలినవి. పల్లి సాగు, కోళ్లకు వచ్చే జబ్బులు, బోరుబావి మోటారు జాగ్రత్తలు. మిగతా సగం మంచి కథల పుస్తకాలు, నవలలు. కానీ అట్టలు వెలిసిపోయి అవీ కోళ్ల జబ్బుల లాగే కనిపించేవి.

పొద్దున ప్రార్థన అయ్యాక ఒక పిల్ల దేశం వార్తలు, ఒక పిల్లవాడు రాష్ట్రం వార్తలు చదివేవాళ్లు. వాటి తర్వాత నేను 'గ్రంథాలయ వార్తలు' అని మొదలుపెట్టాను. గొంతు సవరించుకొని ఇలా చదివేవాణ్ణి: "నిన్న సాయంత్రం మన బీరువాలో కలకలం చెలరేగింది. ఎర్ర అంగీలు తొడుక్కున్న ఇద్దరు అన్నదమ్ములు నేల కింద చీకట్లో దాక్కున్నారు. వాళ్లను బయటికి లాగడానికి ఊరంతా గుంపులుగా బయల్దేరింది. పది పదిహేనేళ్ల వయసువాళ్లు తప్పక చదవాల్సిన ఈ పుస్తకం సాయంత్రం గంట కొట్టాక ఇవ్వబడును. గుండె దిటవు లేనివాళ్లు తీసుకోరాదు." అది పల్లి సాగు పుస్తకం. సాయంత్రం బీరువా ముందు తోపులాట. పెద్దసారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, గొడవ అనుకొని.

ఆ పుస్తకం మొదట బీరమ్మకే దొరికింది. మర్నాడు తెచ్చి నా ముందు పెట్టింది.

"సార్, ఎర్రంగీలోళ్లు యాడున్నరు? గిండ్ల ఉత్త మందు కొట్టుడే ఉన్నది."

"దాక్కున్నారని చెప్పానా లేదా? సరిగా వెతకలేదు నువ్వు."

"రెండుసార్లు సదివిన సార్."

రెండుసార్లు చదివించగలిగాను కదా అని నేను మురిసిపోయాను. పుస్తకాల పెత్తనం ఆ పిల్లకే అప్పగించాను. మందలో ఏ జీవం లేదో ఒక్క చూపుతో చెప్పే అలవాటున్న పిల్ల, ఎవరి ఇంట్లో ఏ పుస్తకం ఉందో కాగితం లేకుండా చెప్పేసేది. నేను పొద్దున వార్తలు చదవడం, ఆమె సాయంత్రం పుస్తకాలు ఇవ్వడం. రోజూ ఒక పుస్తకం ఇంటికి కూడా తెచ్చేది. దొడ్డి తలుపు వేశాక, దీపం పెట్టే వేళ, కొమురవ్వకు చదివి వినిపించేది. అవ్వ ఉన్ని వడుకుతూ వినేది. ఎవరైనా చనిపోయే చోటు వస్తే వడకడం ఆపేది.

ఆ వినడం మీదే ఆ పిల్ల చదువు నిలబడి ఉందని నాకు ఎండలు ముదిరాక గాని తెలియలేదు. మంద కృష్ణా ఒడ్డుకు పోయే కాలం వచ్చింది. మల్లయ్యకు తోడు మనిషి కావాలి.

"పోరిని తోల్కపోత అవ్వా," అన్నాడు రొట్టె తింటూ. "ఇగ సాలు సదివింది."

"దాన్ని తోల్కపోతె నాకు కత ఎవలు సదువుతరురా? నువ్వు సదువుతవా?" అన్నది కొమురవ్వ.

మల్లయ్య చాలాసేపు తొక్కు నాకాడు. తల్లి మాట తీసేసేవాడు కాదు. "సరే. ఆ బుక్కు ఇంటికొచ్చినన్ని దినాలు ఉండనియ్యి. బుక్కు రాని పొద్దు నా ఎంట రావాలె," అన్నాడు. బీరమ్మ లోపలికి పోయి పసుపు నూరుతూ కూచుంది. మంద కదలడానికి ఇంకా కొంత సమయం ఉండగా, పెద్దసారు ఒక మధ్యాహ్నం చెమటలు తుడుచుకుంటూ వచ్చి, తెల్లారి ఆఫీసరు గ్రంథాలయం చూడటానికి వస్తున్నాడని చెప్పాడు.

దుమ్ము దులుపుదామని నేనే బీరువా తెరిచాను. అప్పటిదాకా పుస్తకాలు ముట్టింది బీరమ్మే కాబట్టి నేను లోపలికి తొంగి చూసి చాలా రోజులైంది. చూసి నిలబడిన చోటే రాయినయ్యాను. చెవులు కోసేశారు. ఒకదానికి కాదు, మొత్తం బీరువాకు. కోసిన ప్రతి మూలకూ పసుపు, నూనె. నూనె కాగితాల్లోకి ఇంకి, వెలుతురుకు పెడితే అవతలి అక్షరాలు ఇవతలికి కనబడుతున్నాయి. కొన్నింటి వెన్ను మీద జాజు బొట్టు. నా అరుపుకు పక్క గదిలో లెక్కలు ఆగిపోయాయి.

బీరమ్మ వచ్చి నిలబడింది. భయపడలేదు.

"ఎవరు చేశారే ఇది?"

"నేనే సార్. గుర్తులు."

"గుర్తులా! పుస్తకాలు కోసి పసుపు పూశావా?"

"కోసినంక పసుపు పెట్టకుంటె చీము పడ్తది కద సార్," అన్నది. అని, పుస్తకానికి చీము పట్టదని అప్పుడే తట్టినట్టు తల వంచుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. నా వార్తలు విని పుస్తకం తీసుకుపోయినవాళ్లు మర్నాడే తెచ్చి ఆమె మొహాన కొడుతున్నారట. ఏది తీసుకోవాలో నువ్వే చెప్పమని వెంటపడుతున్నారట. ఎంతమందికని చెబుతుంది? చూడగానే తెలిసేటట్టు చేసింది. పై మూలన ఒక గాటు ఉంటే, మొదలుపెడితే ఆగలేరు, ఇంట్లో పనుంటే పట్టొద్దు. కింది మూలన ఉంటే ఏడుపొస్తది, ఒక్కరే ఉన్నప్పుడు చదువుకోవాలి. రెండు గాట్లుంటే ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించొచ్చు, సిగ్గుపడే ముచ్చట లేదు. ఏ గాటూ లేకపోతే అది తాను ఇంకా చదవలేదు.

"కాగితం మీద రాసి అతికించొచ్చు కదా తల్లీ."

"కాగితం మీద ఏదన్న రాయొచ్చు సార్. కోసిన చెవి మళ్ల అతుకదు. అందుకే ఆఖరి పేజి దాక సదివినంకనే కోసిన."

నేను జాజు బొట్టు ఉన్న పుస్తకం ఎత్తి చూపాను. "మరి ఇదేంది?"

బీరమ్మ ఆ పుస్తకం నా చేతిలోంచి తీసుకొని మళ్లీ అరలో పెట్టేసింది.

తెల్లారి ఆఫీసరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దళసరి కళ్లద్దాలు. పెద్దసారు బీరువా ముందు తానే అడ్డంగా నిలబడి, బడి తోట చూపిస్తాను రమ్మన్నాడు. ఎండకు మాడిన ఆ తోటలో చూడటానికి ఒక పంపు తప్ప ఏమీ లేదు. ఆఫీసరు చెయ్యి చాచి, పెద్దసారు భుజం మీదుగా ఒక పుస్తకం తీశాడు. ఆయన వేళ్లకు పసుపు అంటింది. ఆఫీసరు బీరువా అంతా చూశాడు. గాట్లు వేలితో తడిమాడు.

"ఎవరి పని?"

బీరమ్మ ముందుకు వచ్చింది. నిన్న నాకు చెప్పిందంతా అదే వరసలో చెప్పింది. పరికిణీ అంచు మాత్రం పిడికిలిలో నలిగిపోయింది. ఈ పొద్దు బీరువాకు తాళం పడితే సాయంత్రం ఇంటికి పుస్తకం రాదు, రేపో ఎల్లుండో తాను మంద వెనక నడవాలి. ఆ గదిలో ఈ సంగతి తెలిసినవాళ్లం మేమిద్దరమే.

"మరి ఈ ఎర్ర బొట్టు?" అన్నాడు ఆఫీసరు. ఆయన చేతిలో ఉన్నది పల్లి సాగు.

బీరమ్మ నావైపు చూసింది. తర్వాత నేలవైపు చూసింది. "సారు పొద్దుగాల వార్తలల్ల సెప్పిన కత గిండ్ల ల్యాదని సార్."

నాకు ఆ క్షణాన బీరువాలో దూరి లోపలినుంచి తలుపు వేసుకోవాలనిపించింది. ఎందుకంటే ఆ అరల నిండా జాజే. ఇంత ఎరుపు నేను అంతకుముందు చూడలేదు. మందలో కలపకూడని జీవాలకు పూసే రంగు, నా మాటల మీద పూసింది ఆ పిల్ల. ఇన్నాళ్లూ బడి మొత్తానికి ఆ బొట్ల అర్థం తెలుసు, నాకొక్కడికే తెలియదు. పొద్దున నేను వార్తలు చదువుతుంటే వరసల్లో నిలబడి అంత శ్రద్ధగా విన్నది, ఇందులో ఎంత అబద్ధమో సాయంత్రం తేల్చుకోవడానికన్నమాట!

"ఏం చెప్పిండు సారు దీని గురించి?" అని ఆఫీసరు అడిగాడు. ఎర్ర అంగీల అన్నదమ్ముల సంగతి ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది బీరమ్మ. ఆఫీసరు పుస్తకం అట్ట మీది పల్లికాయ బొమ్మ చూశాడు. నన్ను చూశాడు. భుజాలు కదిలాయి. తర్వాత కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకొని, కుర్చీలో కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. రెండు గాట్లున్న పుస్తకం ఒకటి ఏరి చంకలో పెట్టుకొని, "మా అమ్మకు సదివి ఇనిపిస్త," అన్నాడు. పోతూ పోతూ పెద్దసారుతో, "బీరువా ఇట్లనే తెరిచి ఉండాలె. పిల్ల చేతిలనే ఉండనియ్యి," అన్నాడు. ఆ సాయంత్రం కొమురవ్వ ఇంటికి పుస్తకం వచ్చింది. మంద పోయింది, బీరమ్మ ఉండిపోయింది.

ఇదంతా తలచుకుంటూ మొన్న ఆ మెట్టు మీద కూచున్నాను. లోపల కొత్త గదిలో చప్పట్లు వినబడుతున్నాయి. ఆ మేడాన్ని నేను తప్పు పట్టను. పుస్తకాలు బాగున్నాయి, పరుపులు మెత్తగా ఉన్నాయి, మా కాలంలో కోళ్ల జబ్బులు చదివి పెరిగిన పిల్లలకు ఇందులో పదో వంతు దొరికినా ఎగిరి గంతేసేవాళ్లు. కానీ నక్షత్రం పెట్టడానికి ఏమీ పోదు, తీసేయడానికీ ఏమీ పోదు. ఒక్క గాటు పెట్టడానికి ఆ పిల్ల దొడ్డి ఊడ్చి, నీళ్లు మోసి, పొయ్యి వెలుగులో పుస్తకం చివరిదాకా చదివేది. వరండాలోని కట్టలు విప్పి వెతికాను. గాట్లు లేని పుస్తకాలు కొన్ని కనబడ్డాయి. ఆ పిల్ల ఇంకా చదవనివి. వాటిని మిగతావాటితో పాటు కారులో వేసుకొని వచ్చాను. బండివాడికి పల్లి సాగు ఒక్కటే వదిలాను.

ఇక ఒప్పుకోవాల్సింది. ఇందులో నేను కల్పించింది ఆ ఆఫీసరు నవ్వు, ఆ నవ్వు వెనక అప్పట్లో జరిగిందన్నదంతా. గాట్లు నిజం, పసుపు నిజం, జాజు మరీ నిజం. ఆయన మాత్రం నవ్వలేదు. బీరమ్మ చెప్పింది మొత్తం విన్నాడు, పుస్తకం బల్ల మీద పెట్టాడు, వేళ్లకంటిన పసుపు రుమాలుతో తుడుచుకున్నాడు, ఏమీ అనకుండా జీపెక్కాడు. మధ్యాహ్నం గంట కొట్టకముందే పెద్దసారు బీరువాకు తాళం వేశాడు. నేను ఆ బడి వదిలేదాకా తీయలేదు. మంద కదిలిన పొద్దున దాని వెనక బీరమ్మ నడిచింది, భుజాన గొంగడితో. వానలు పడ్డాక మంద తిరిగి వచ్చింది. పిల్ల బడికి తిరిగి రాలేదు.

వాళ్లు పోయిన సాయంత్రం కొమురవ్వ ఉన్ని లేకుండా ఉత్త చేతులతో వచ్చి నా గది గడప దగ్గర కూచుంది.

"సదివెటోళ్లు ల్యారు గద సారూ. నువ్వే ఏదన్న సెప్పు."

"నేను చెప్పేవన్నీ అబద్ధాలే అవ్వా."

"నాకెర్క ల్యాదా బిడ్డా," అన్నది ఖాళీ దొడ్డివైపు చూస్తూ. "ఆ ఆఫీసరు నవ్విండని సెప్పు. ఆడికెల్లి సెప్పు."